చలికాలం ముందు తోట, 73 ఏళ్ల మోకాళ్లు

ఈసారి ఉత్తరం రాసినావిడ వయసు 73. పేరు వేయవద్దన్నారు. ఆరు పేజీలు చేత్తో రాశారు, చివర ఒక పాత నోటుబుక్కు పేజీ నకలు జతచేశారు.

ముప్పై ఏళ్లకు పైగా ఆమెకూ, భర్తకూ ఇంటి వెనక తోటే లోకం. గులాబీలు, డాలియాలు, ఒక మూల కూరమడి, ప్రహరీ పొడవునా పొదలు, నలభై దాకా కుండీలు. వాళ్లుండే చోట చలికాలం రాత్రిళ్లు నీళ్లు గడ్డకడతాయి. ఆకులు రాలడం మొదలవగానే ఇద్దరూ కలిసి పది రోజుల్లో తోటంతా సర్దేవారు. తవ్వడం, నిచ్చెనెక్కి కొమ్మలు కొట్టడం, కుండీలు మోయడం ఆయన వంతు. దుంపలు తుడిచి ఆరబెట్టడం, ఆకులు ఊడవడం, విత్తనాలు దాచడం ఈమె వంతు. రెండేళ్ల కిందట ఆయన పోయారు. ఈమెకు ఒక మోకాలు మార్చారు, రెండోదాని సంగతి తర్వాత చూద్దామంటున్నారు డాక్టరు. బీపీ మాత్రలతో పాటు రక్తం పలచబడే మాత్రలు కూడా వాడుతున్నారు.

పోయిన ఏడాది ఒక సాయంత్రం ఒక్కరే డాలియా దుంపలు తవ్వుతూ వెనక్కి పడ్డారు. ఎముకలు విరగలేదు, కానీ లేవలేకపోయారు. తడి మట్టిలో, చీకటి పడుతుంటే, ముప్పావుగంట. ఫోను వంటింట్లో ఉంది. చివరికి తోటబల్ల దాకా పాక్కుంటూ వెళ్లి, దాన్ని పట్టుకుని లేచారు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మోచేయి కమిలితే తలుపు తగిలిందన్నారు.

నెలకోసారి వచ్చే కూతురు, "అమ్మా, అంతా రాళ్లు పరిపించేద్దాం, నాలుగు కుండీలు పెట్టుకో చాలు" అంటోంది. దూరాన ఉన్న కొడుకు నిరుడు ఒక పనిమనిషిని పెట్టించాడు. అతను ఒక్క పూటలో తోటంతా మొదలంటా నరికేశాడు, భర్త తన చేత్తో నాటిన తీగ గులాబీతో సహా. ఈ వేసవిలో దాని మొదట్లో రెండు రెమ్మలు వచ్చాయని ఒక్క వాక్యం రాసి వదిలేశారు.

జతచేసిన పేజీ ఆయన దస్తూరీ. "చలికి ముందు" అని పైన రాసి, కింద 19 పనులు. ప్రతి పని పక్కన ఏటేటా పెట్టిన పెన్సిల్ టిక్కులు. చివరి రెండేళ్లవీ ఖాళీ. "చేయలేనని ఒప్పుకుంటే ఆయన ఇంకోసారి పోయినట్టుంటుంది. చేస్తానని పంతం పడితే మళ్లీ పడతానేమోనని భయం. చలి నెలన్నరలో వచ్చేస్తుంది. నేనేం చేయను?" అని అడిగారు.

---

అమ్మా,

తోట సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ ముప్పావుగంట గురించి మాట్లాడాలి. మీరు దాన్ని నాలుగు వాక్యాల్లో ముగించి వెంటనే గులాబీల్లోకి వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

మీరు పడ్డారన్న సంగతి మొదట తెలియాల్సింది మీ డాక్టరుకు. పట్టు తప్పి పడడం వేరు, కళ్లు తిరిగి పడడం వేరు. చాలాసేపు వంగి ఉండి ఒక్కసారిగా నిటారుగా నిలబడితే పెద్ద వయసులో రక్తపోటు హఠాత్తుగా పడిపోవచ్చు. బీపీ మాత్రలు వాడేవాళ్లలో ఇది మరీ ఎక్కువ. అలా జరిగి ఉంటే మాత్ర మోతాదో, వేళో మార్చవలసి రావచ్చు, అది ఆయన చూసుకుంటారు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునే మనిషి పడినప్పుడు తల నేలకు తగిలితే, పైకి ఏమీ లేకపోయినా, నొప్పి లేకపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి. లోపల నెమ్మదిగా రక్తం కారడం మొదలైతే బయటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు, వాళ్లలో ఎక్కువమంది 60 దాటినవాళ్లే. మిమ్మల్ని తోటలోకి వెళ్లనివ్వకూడదని ఈ అంకె చెప్పడం లేదు. దాచిపెట్టేంత చిన్న విషయం కాదని చెబుతున్నాను.

అమ్మాయికి చెప్పడం ఇంకో మెట్టు. చెబితే రేపే రాళ్లవాళ్లను పిలుస్తుందని మీ భయం. ఆ భయం ఉత్తదేం కాదు. చెప్పకపోతే మాత్రం ఏమవుతుంది? ఆమె రాళ్లు ఎందుకంటోందో మీకు తెలుసు, మీరు వద్దని ఎందుకంటున్నారో ఆమెకు తెలుసు. ఇద్దరి మధ్యా ఉన్న అసలు సంగతి మాత్రం ఆమెకు తెలియదు. రెండోసారి పడినప్పుడు మొదటిసారి సంగతి కూడా బయటపడుతుంది, అప్పుడిక మీ మాటకు తోటలో విలువ ఉండదు. అందుకని చేతిలో ఏమీ లేకుండా చెప్పకండి. "పడ్డాను. డాక్టరుకు చెప్పాను. ఇకమీదట తోట పని ఇలా చేయాలనుకుంటున్నాను" అని మూడూ ఒకేసారి చెప్పండి. ఆ మూడో మాటలో ఏం ఉండాలన్నదే ఈ ఉత్తరంలో మిగతా భాగం.

మీ వారి జాబితా మూడుసార్లు చదివాను. ఎంత పద్ధతైన మనిషో ఆ అక్షరాల్లోనే కనిపిస్తోంది. అయితే అమ్మా, అది నాలుగు మోకాళ్లున్న తోటకు రాసిన జాబితా. ఇద్దరు మనుషులు, అందులో ఒకరు నిచ్చెనెక్కగలిగినవాళ్లు, పది రోజులు చేసే పని. ఒక్క మనిషి ఒకే మంచి మోకాలితో అది చేయలేకపోవడం ఓటమి ఎలా అవుతుంది? ఆ జాబితాను మార్చడం ఆయన్ని చెరిపేయడం కాదు. ఆయన బతికుండి, మీ మోకాలు ఇలా ఉంటే, పెన్సిల్ తీసుకుని సగం పనులు ఆయనే కొట్టేసేవారని నాకనిపిస్తోంది.

ఆ 19 పనుల్లో చలి రాకముందే నిజంగా చేసి తీరాల్సినవి నాలుగే. మిగతావాటిలో చాలా భాగం వసంతం దాకా ఆగుతాయి. కొన్నైతే అసలు చేయకపోతేనే తోటకు మంచిది.

ఆ నాలుగింటిలో మొదటిది నీళ్లు. బయటి కుళాయికి నీళ్లు వెళ్లకుండా లోపలి వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు వదిలేయాలి. రబ్బరు పైపు విప్పి, వంచి నీళ్లు పోగొట్టి, చుట్ట చుట్టి లోపల పెట్టాలి. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఇనుప గొట్టాన్నైనా చీల్చేస్తుంది. ఒక ఏడాది అలసటలో నేను పైపును కుళాయికే వదిలేశాను. చలి తగ్గాక గోడ లోపల గొట్టం పగిలి వారం రోజులు తడి కారింది. ఇది పది నిమిషాల పని, నిలబడే చేయవచ్చు. ఈ వారమే చేసేయండి.

రెండోది చలికి ఓర్చుకోలేని కుండీలు. నలభైలో అవి ఎన్ని ఉంటాయి, పది? వాటిని లోపలికి చేర్చాలి, కానీ మీరు ఎత్తకూడదు. చక్రాల పీట మీద పెట్టి తోయడమో, ఎవరైనా వచ్చిన రోజు ఒక్కసారిగా మోయించడమో చేయండి. కదిలించే ముందు రెండు మూడు రోజులు నీళ్లు పోయకండి. తడి మట్టి, ఎండిన మట్టి బరువులో ఎంత తేడానో ఇన్నేళ్లుగా కుండీలు పెంచిన మీకు నేను చెప్పక్కర్లేదు. బయటే ఉండిపోయేవాటిని గోడవారగా ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెడితే వేర్లకు వెచ్చదనం ఉంటుంది. మట్టి కుండీలు నీళ్లు పీల్చి గడ్డకడితే పగులుతాయి కాబట్టి కింద ఇటుక ముక్కలు పెట్టి నేలకు కాస్త ఎత్తుగా ఉంచండి, నీళ్లు నిలవవు. ఆకు రాల్చని మొక్కలకు చలికాలంలోనూ అప్పుడప్పుడు నీళ్లు కావాలి. చలికి చచ్చిపోయాయనుకునే కుండీ మొక్కల్లో చాలా నిజానికి దాహంతో చచ్చినవే. మట్టి గడ్డకట్టని రోజు చూసి మధ్యాహ్నం పూట కొంచెం పోయండి.

మూడోది ఆకులు. పాదుల్లో పడ్డవి కాదు, దారి మీద పడ్డవి. తడిసిన ఆకుల మీద కాలు జారడం, అదీ మంచు పడ్డ పొద్దున, ఈ వయసులో అన్నిటికంటే ప్రమాదం. దారి, మెట్లు, గచ్చు ఊడిపించండి. పచ్చిక మీద మందంగా పడ్డవి కూడా తీయాలి, లేకపోతే కింద గడ్డి కుళ్లుతుంది. తీసినవాటిని గోనెసంచుల్లో సగానికే నింపి, తడిపి, మూతి కట్టి ఒక మూల పడేయండి. ఏడాది రెండేళ్లలో నల్లటి ఆకుమట్టి అవుతుంది. సగానికే అని ఎందుకన్నానంటే, నిండు సంచి మీరు జరపలేరు. గులాబీల కింద నల్లమచ్చ పట్టిన ఆకులుంటే అవి మాత్రం వేరుగా తీసి పారేయాలి, ఆ తెగులు వాటి మీదే చలికాలం గడిపి మళ్లీ వస్తుంది. ఇక పాదుల్లో, పొదల కింద పడ్డ ఆకులను దయచేసి ముట్టుకోకండి. అవి వేర్లకు దుప్పటి. "పాదులన్నీ శుభ్రంగా ఊడ్చుట" అని జాబితాలో ఏడో పని ఉంది చూడండి. దాన్ని కొట్టేయండి.

నాలుగోది డాలియాలు. మీరు పడ్డదే అక్కడ, మీకు అన్నిటికంటే ఇష్టమైనవీ అవే. కాస్త ఆగి మాట్లాడుకుందాం.

మూడు దారులున్నాయి. మీ మట్టి నీళ్లు నిలవనిదై, చలి నేల లోతుకు దిగనిదైతే దుంపలను తవ్వకుండా వదిలేయవచ్చు. తొలి మంచుకు ఆకు నల్లబడ్డాక కాండం కోసేసి, పైన జానెడు మందాన ఎండుటాకులో గడ్డో కప్పండి. ఇందులో ఒక పాలు నష్టానికి సిద్ధపడాలి. చలి గట్టిగా వచ్చిన ఏడు కొన్ని పోతాయి, బంకమట్టిలోనైతే చలికంటే ముందు తడికే కుళ్లుతాయి. రెండో దారి, వచ్చే ఏటి నుంచి పెద్ద కుండీల్లో వేసుకోవడం. చలి రాగానే కుండీతో సహా షెడ్డులోకి తోయించి, నీళ్లు ఆపేసి, అలాగే ఎండనివ్వడం. తవ్వే బాధ తప్పుతుంది, కానీ వేసవంతా రోజూ నీళ్లు పోసే బాధ వస్తుంది. మూడోది, ఇన్నేళ్లుగా చేసినట్టే తవ్వి దాచడం, కాకపోతే తవ్వేది మీరు కాదు. ఎవరైనా కాండానికి అడుగు దూరంలో నాలుగు పక్కలా పార దింపి, కింద నుంచి లేపి, గుత్తి చెడకుండా తీసి ఇస్తే చాలు. అది గంటసేపటి పని. ఆ తర్వాతదంతా బల్ల దగ్గర కూర్చుని చేసేదే. కాండం నాలుగైదు అంగుళాలు ఉంచి కోయడం, మట్టి వేళ్లతో రాల్చడం, బోలు కాండంలో నీళ్లు దిగిపోయేలా రెండు మూడు వారాలు తలకిందులుగా ఆరబెట్టడం, రంగు పేరు రాసిన చీటీ కట్టడం, పొడి ఇసుకలోనో రంపపు పొట్టులోనో పేర్చి, 5 నుంచి 10 డిగ్రీలుండే చీకటి గదిలో పెట్టడం. నెలకోసారి తీసి చూసి, మెత్తబడ్డదాన్ని పారేసి, ముడతలు పడ్డదాని మీద కాసిని నీళ్లు చిలకరించడం.

మీ ఉత్తరం ప్రకారం దుంపలు తుడిచి ఆరబెట్టడం మొదటి నుంచీ మీ వంతే. ఆ సగం ఇప్పటికీ మీ చేతిలోనే ఉంది. పోయింది పార పట్టే సగం.

ఇక ఆగగలిగే పనులు. ఏటేటా చచ్చి మళ్లీ చిగురించే మొక్కల ఎండు కాడలను ఇప్పుడే కోయనక్కర్లేదు. వాటి గింజలు పక్షులకు తిండి, బోలు కాడలు పురుగూపుట్రకు చలికాలపు గూడు, ఎండిన పై భాగం మొదలుకు కాపలా. వసంతం మొదట్లో, పగళ్లు పొడుగైన రోజుల్లో, రోజుకో నాలుగు మొక్కల చొప్పున కోసుకోవచ్చు. గులాబీ పొదల్లో మరీ ఎత్తుగా పెరిగినవి గాలికి ఊగి మొదలు వదులవుతాయి కాబట్టి పైన మూడో వంతు మాత్రం ఇప్పుడు తగ్గించండి. అసలు కత్తిరింపు చలి చివర్లో, మొగ్గలు ఉబ్బేటప్పుడే. ప్రహరీ పొదలు ఒక ఏడాది కత్తెర చూడకపోయినా ఏమీ కాదు. కుండీలు కడగడం, కంచెకు రంగు వేయడం లాంటివాటి గురించి ఇద్దరం సమయం వృథా చేసుకోవద్దు.

జాబితాలో మొదటి పని, పెద్దక్షరాల్లో ఉన్నది, "కూరమడి మొత్తం ఒక పార లోతు తిరగదవ్వుట." ఇది మాత్రం పూర్తిగా మానేయండి. తవ్వినకొద్దీ అడుగున నిద్రపోతున్న కలుపు గింజలు వెలుగులోకి వచ్చి మొలుస్తాయి. తవ్వకుండా మడి మీద రెండు మూడు అంగుళాల మాగిన ఎరువు పరిచి వదిలేస్తే చలికాలమంతా వానపాములే దాన్ని లోపలికి లాక్కుంటాయి. అమెరికాలో రూత్ స్టౌట్ అనే ఆవిడ ఉండేవారు, 1884లో పుట్టారు. 1944 వసంతంలో, 60 ఏళ్ల వయసుకు చేరువలో, దున్నే మనిషి కోసం ఎదురుచూసి చూసి విసిగి, ఇక దున్నించనని నిశ్చయించుకుని నేరుగా విత్తనాలు వేశారు. అప్పటి నుంచి మడి మీద ఏడాది పొడవునా ఎండుగడ్డి మందంగా కప్పి ఉంచడమే ఆవిడ పద్ధతి. తొంభై దాటాక కూడా అలాగే కూరలు పండించారు, 96వ ఏట పోయారు. ఆవిడ బలం ఒంట్లోది కాదు, ఏ పని మానేయాలో తెలియడంలోది.

ఇప్పుడు మీ అమ్మాయి చెప్పే రాళ్ల సంగతి. ఆమె మాటలో ప్రేమ ఉంది, లెక్క మాత్రం తప్పింది. నేలలో ఉన్న పొద తన నీళ్లు తను వెతుక్కుంటుంది, తన వేర్లను తను కాచుకుంటుంది. కుండీలో ఉన్నదానికి వేసవిలో రోజూ మనిషి కావాలి, చలిలో రక్షణ కావాలి, రెండు మూడేళ్లకోసారి మట్టి మార్చాలి. కాబట్టి రాళ్లు పరిచి కుండీలు పెట్టుకుంటే మీ పని తగ్గకపోగా బరువైన పని పెరుగుతుంది. పైగా నున్నటి రాయి మీద నాచు, దాని మీద మంచు చేరితే తడి మట్టికంటే ఎక్కువ జారుతుంది. ఒకసారి పరిచాక మనసు మారితే వెనక్కి తీసుకోవడం కూడా కష్టం.

అయినా ఆమె మాటను పూర్తిగా తోసేయకండి. రాళ్లకు పెడతానన్న డబ్బులో కొంత పెట్టి, తలుపు దగ్గర నుంచి తోటబల్ల దాకా మూడు నాలుగు అడుగుల వెడల్పున గరుకు దారి ఒకటి వేయించమనండి, పక్కన చేతికి పట్టుకోవడానికి గట్టి కమ్మీతో. రెండు పాదులను నడుము ఎత్తుకు, రెండున్నర అడుగుల దాకా గోడ కట్టించి ఎత్తు చేయమనండి, వంగే పని పోతుంది. ఆమె కోరేది మీరు పడకుండా ఉండడం. అది తోట పోకుండానే అవుతుందని కళ్లకు కనిపిస్తే ఆమె పట్టు సడలుతుంది.

అబ్బాయి పెట్టించిన పనిమనిషి అనుభవంతో మీరు ఇక ఎవరినీ రానివ్వనంటున్నారు. ఆ రోజు మీకు కలిగింది చిన్న నష్టం కాదు. కానీ ఆలోచిస్తే, అతనికి ఎవరూ ఏం చెప్పలేదు. మీరు లోపలున్నారు, అబ్బాయి ఫోనులో "తోట శుభ్రం చేయి" అన్నాడు. శుభ్రమంటే అతనికి తెలిసింది అతను చేశాడు. ఈసారి రోజంతా వద్దు, రెండు గంటలకే పిలవండి. మీరు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చోండి. ముట్టుకోకూడని ప్రతి మొక్కకూ ముందురోజే ఎర్ర గుడ్డ పేలిక కట్టండి. ఆ రెండు గంటల్లో డాలియాలు తవ్వడం, కుండీలు జరపడం, దారి ఊడవడం మూడే పనులు. మనిషి నచ్చితే వసంతంలో మళ్లీ పిలవచ్చు. నిచ్చెనెక్కే పని ఏదున్నా వాళ్లదే. ఆ నిచ్చెనను ఇంట్లో ఉంచుకోకండి, ఎవరికైనా ఇచ్చేయండి. కళ్లముందుంటే ఏదో ఒకరోజు కాలు పెట్టాలనిపిస్తుంది.

అసలు ఎవరూ దొరకలేదు, లేదా మనసు రాలేదు అనుకుందాం. అప్పుడు ఈ ఏడు కుళాయి కట్టేసి, దారి ఊడ్చుకుని, మీరు మోయగలిగే నాలుగు చిన్న కుండీలు లోపల పెట్టుకుని తలుపేసుకోండి. కొన్ని డాలియాలు పోవచ్చు, ఒకటి రెండు కుండీలు పగలవచ్చు. అంతకుమించి ఏమీ కాదు. ఒక చలికాలం వదిలేసినంత మాత్రాన ముప్పై ఏళ్ల తోట చచ్చిపోదు.

మీ చేత్తో మీరు చేసే పనికి కొన్ని పద్ధతులు పెట్టుకోండి. ఫోను జేబులోనే ఉండాలి, బల్ల మీద కాదు, మెడలో ఒక ఈల కూడా ఉంటే మరీ మంచిది. మంచు కరిగి నేల ఆరాకే బయటికి రండి, ఎండ వాలకముందే లోపలికి వెళ్లండి. 20 నిమిషాలకు గంట పెట్టుకుని, మోగగానే పని మధ్యలో ఉన్నా సరే లేచి కూర్చోండి. ఒకే భంగిమలో అంతకుమించి వద్దు. మార్చిన మోకాలు మీద ఆనడం చాలామందికి నొప్పిగానే ఉంటుంది, మీ ఫిజియోథెరపిస్టును అడిగేదాకా మోకాళ్ల మీద కూర్చోకండి. రెండు పక్కలా పిడులున్న ఎత్తు పీట తెచ్చుకోండి, లేచేటప్పుడు ఆ పిడులే మీకు ఆసరా. లేచాక పది లెక్కపెట్టి అప్పుడు అడుగు వేయండి.

చేతికి ముల్లు గీరుకుంటే మీ మాత్రల వల్ల రక్తం త్వరగా ఆగదు కాబట్టి మోచేతుల దాకా వచ్చే మందం తొడుగులు వేసుకోండి. ధనుర్వాతం టీకా వేసుకుని పదేళ్లు దాటిందేమో డాక్టరునే అడగండి. కుండీ మట్టి, కంపోస్టు సంచులు విప్పేటప్పుడు మొహం దగ్గర పెట్టుకోకండి. మూసిన గదిలో కాకుండా బయట విప్పి, కాసిని నీళ్లు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఆ దుమ్ములో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు, పెద్దవాళ్లకు అది ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. అరుదే, కానీ తప్పించుకోవడం ఇంత తేలిక అయినప్పుడు ఎందుకు తెచ్చుకోవడం?

మళ్లీ పడితే ఎలా లేవాలో కూడా ఇంట్లో మంచం పక్కన, ఎవరైనా ఉండగా ఒకసారి చేసి చూడండి. కంగారుగా లేవకూడదు. ముందు ఒక నిమిషం అలాగే ఉండి ఎక్కడ నొప్పిగా ఉందో చూసుకోవాలి. పక్కకు ఒరిగి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీదికి రావాలి. గట్టిగా ఉన్న కుర్చీ దాకా పాకి, రెండు చేతులూ దాని మీద ఆనించి, బలమైన కాలి పాదం ముందుకు పెట్టి లేవాలి. పోయిన ఏడాది తోటబల్ల పట్టుకుని మీరు సరిగ్గా అదే చేశారు, ఎవరూ నేర్పకుండానే. లేవలేకపోతే మాత్రం కదలకుండా ఒంటికి ఏదైనా కప్పుకుని ఫోను చేయడమే. అందుకే జేబులో అన్నాను.

చివరగా ఆ తీగ గులాబీ. మొదట్లో రెండు రెమ్మలు వచ్చాయన్నారు, సరిగ్గా ఎక్కడి నుంచో చెప్పలేదు. చూడడానికి మనసొప్పలేదేమో. ఈ వారం ఎండ ఉన్న పూట పీట వేసుకుని దాని పక్కన కూర్చోండి. మొదట్లో మట్టి కాస్త పక్కకు తీస్తే బొడిపెలాగా ఒక కణుపు కనిపిస్తుంది, అదే అంటు కట్టిన చోటు. రెమ్మలు ఆ బొడిపె నుంచో, దానికి పైనుంచో వస్తే అవి మీ వారు నాటిన గులాబీవే, రెండు మూడేళ్లలో మళ్లీ గోడెక్కుతుంది. దానికి కింద, వేరు నుంచి వస్తే అవి అంటు కట్టడానికి అడుగున వాడిన వేరే మొక్కవి, ఆకు తేడాగా ఉంటుంది, పువ్వూ అది కాదు. వాటిని మొదటికి పట్టుకుని లాగి తీసేయాలి. ఇది తెలుసుకోకుండా వదిలేస్తే పరాయి మొక్క పెరిగి అసలుదాన్ని మింగేస్తుంది.

అసలు గులాబీవే అయితే ఆకులు రాలాక ఒక రెమ్మ నుంచి పెన్సిల్ మందాన, జానెడు పైచిలుకు పొడవున ముక్క కోయండి. కింద కణుపు దిగువన అడ్డంగా, పైన మొగ్గ ఎగువన ఏటవాలుగా. ఇసుక కలిపిన మట్టి నింపిన లోతైన కుండీలో మూడింట రెండు వంతులు లోపలికి గుచ్చి, గోడవారన చలిగాలి తగలని చోట పెట్టండి. తడి ఆరనివ్వకండి, ఏడాది దాకా తీసి చూడకండి. ఒక్క ముక్క కాకుండా నాలుగు గుచ్చండి, అన్నీ వేరు పట్టవు. రెండు పట్టినా ఒకటి మీకు, ఒకటి అమ్మాయికి.

ఇదంతా బల్ల దగ్గర కూర్చుని చేసే పనే. గుచ్చాక ఆ నోటుబుక్కులో 19 కింద 20 అని వేసి, మీ దస్తూరీలో ఇది రాసి, పక్కన టిక్కు పెట్టుకోండి. వసంతంలో ఏం చిగురించిందో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.